సబ్‌టైటిల్ కన్నా ముందొచ్చిన నవ్వు

తొంభైల మొదట్లో హైదరాబాదు పత్తర్‌గట్టిలో ఒక ముత్యాల దుకాణంలో లెక్కలు రాసే పనికి కుదిరాను. మాది నల్గొండ వైపు పల్లె. చదివింది బీకాం, ఉండేది లాల్‌దర్వాజాలో అద్దె గది. ఇరాన్, జపాన్, చైనా సినిమాలు చూడటం ఎక్కడ అలవాటైందని ఇప్పుడెవరైనా అడిగితే, న్యాయంగా అమీర్‌పేటలోని సారథి స్టూడియోస్ ప్రివ్యూ థియేటర్ పేరు చెప్పాలి. చెప్తాను కూడా. కానీ ఆ చదువులో సగం పత్తర్‌గట్టి కమాన్ల కింద, మా దుకాణం పై గదిలో జరిగింది. ఈ సగం ఎక్కడా రాసి లేదు.

తెలియనివాళ్ల కోసం ఈ వీధి సంగతి రెండు ముక్కల్లో. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి ఊరిని ఊడ్చేశాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు సందులు కొట్టేసి రోడ్లు వేయించింది, బజార్లు కట్టించింది. ఆ కట్టడాల్లో పత్తర్‌గట్టి ఒకటి. గుల్జార్ హౌజ్ దాటి మదీనా వైపు నడుస్తుంటే రెండు పక్కలా ఒకే తీరు రాతి కమాన్లు. కమాన్ల వెనక వరండా, వరండా వెనక దుకాణాలు, వాటి మీద మేడ గదులు. షేర్వానీ బట్టలు, అత్తరు, పెళ్లి చీరలు, ముత్యాలు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ వరండాలో రాయి చల్లగానే ఉంటుంది. బేరం చేయడానికి వచ్చినవాళ్లు బేరం తెగాక కూడా కదలకపోవడానికి అదో కారణం.

ముత్యాల పని చూడనివాళ్లకు అది చెబితే నమ్మరు, అందులో తొంభై పాళ్లు చూడటమే. పూర్వం సరుకు బస్రా నుంచి వచ్చేది. తర్వాత జపాన్ సరుకు. నేను చేరేనాటికి చైనా మంచినీటి ముత్యం బజారును ముంచెత్తుతోంది, హాంకాంగ్ నుంచి వచ్చిన పొట్లాలు బల్ల మీద గుట్టగా పడేవి. పొద్దున పది గంటల వెలుతురులో, ట్యూబ్‌లైట్లు వేయకముందే, షట్టర్ పక్కన తెల్లబట్ట పరిచి ముత్యాలు పోసేవాళ్లు. జల్లెడ పట్టి సైజు తీయడం పిల్లలు కూడా చేస్తారు. రంగు తీయడమే కష్టం. తెలుపులోనే గులాబీ తెలుపు, పాల తెలుపు, పసుపు తిరిగిన తెలుపు ఉంటాయి. వేలితో నెడితే గుండ్రటిది తిన్నగా దొర్లుతుంది, సొట్టది కాస్త పక్కకు ఒరుగుతుంది. మా దుకాణంలో లడులు గుచ్చే పెద్దాయన ఈ పనిలో దిట్ట. ఇల్లు దారుషిఫాలో. అందరికీ చాచా, నాకూ చాచానే. గంటసేపు ఒక గుప్పెడు ముత్యాల ముందు మాటాపలుకూ లేకుండా కూర్చునేవాడు. అవతల గిరాకీ తొందరపెడితే సేఠ్ సర్దిచెప్పుకునేవాడు కానీ చాచాను మాత్రం తొందరపెట్టేవాడు కాదు.

ఫిల్మ్ క్లబ్ సంగతి నాకు చెప్పింది ఒక గిరాకీ. కాలేజీలో పాఠాలు చెప్పే ఆయన, భార్య గొలుసు తెగితే గుచ్చించుకుందామని వచ్చాడు. పని అయ్యేదాకా కూర్చుని 1986లో హైదరాబాదులో జరిగిన ఫిల్మోత్సవ్ ముచ్చట్లు మొదలుపెట్టాడు. దేశదేశాల సినిమాలు మన ఊరికే వచ్చాయని, రోజూ ఒక హాలు నుంచి ఇంకో హాలుకు ఉరికేవాళ్లమని చెప్పాడు. అంత గొప్ప సంత మళ్లీ రాకపోయినా, 1974 నుంచి నడుస్తున్న హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ ఉందని, చందా కడితే చాలని చెప్పి చిరునామా మా బిల్లు బుక్కు వెనకే రాసిచ్చాడు.

అప్పటినుంచి నెలలో కొన్ని సాయంత్రాలు సేఠ్‌ను బతిమాలి తొందరగా బయటపడేవాణ్ని. మదీనా, నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్ దాకా నడక, అక్కడ బస్సు. ప్రివ్యూ థియేటర్‌లో కూర్చునేసరికి చొక్కాకు అత్తరు బజారు వాసనా, బస్సు వాసనా కలిసి ఉండేవి. పక్క కుర్చీల్లో బ్యాంకు ఉద్యోగులు, జర్నలిస్టులు, సినిమాల్లో సహాయ దర్శకులుగా తిరిగే కుర్రాళ్లు. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లు ఒకరిద్దరికి మించి కనిపించేవాళ్లు కాదు. దూరం ఒక కారణం. ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు రెండో కారణం, అసలు కారణం అదే.

నేను చూసిన మొదటి ఇరాన్ సినిమా అబ్బాస్ కియరోస్తమీ 1987లో తీసింది. స్నేహితుడి ఇల్లెక్కడ అన్నది దాని పేరు, కథ కూడా అంతే. అహ్మద్ అనే పిల్లవాడు పొరపాటున క్లాస్‌మేట్ నోటుబుక్కు ఇంటికి తెచ్చుకుంటాడు. తెల్లారి ఆ బుక్కులో హోంవర్క్ లేకపోతే పంతులు ఆ క్లాస్‌మేట్‌ను బడి నుంచి వెళ్లగొడతానన్నాడు. ఆ పిల్లవాడుండేది పక్క ఊళ్లో. ఇల్లు ఎక్కడో తెలియదు. అమ్మకు చెబితే వినదు, తాతకు చెబితే వినడు. అహ్మద్ గుట్ట మీది మెలికల బాటలో పైకి ఉరుకుతాడు, కిందికి ఉరుకుతాడు. ఎనభై నిమిషాల పై చిల్లర సినిమాలో విలన్ లేడు, పాట లేదు. థియేటర్ బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర ఒకాయన, "బాగుంది కానీ మన జనానికి ఎక్కదు" అన్నాడు. ఈ మాట ఆ తర్వాత లెక్కలేనన్ని సార్లు విన్నాను. అన్నది ఎప్పుడూ ఇంగ్లిషు సబ్‌టైటిళ్లు సుఖంగా చదవగలిగినవాళ్లే.

ఆ మాట ఎంత తప్పో నాకు మా దుకాణంలోనే తెలిసింది.

రెండువేల సంవత్సరం దాటాక సేఠ్ లెక్కల కోసం కంప్యూటర్ కొన్నాడు. మేడ మీద గదిలో పెట్టించాడు. కోఠిలో వీసీడీలు చవగ్గా దొరికే రోజులు. ఆషాఢం వస్తే మా బజారుకు తెలుగు పెళ్లిళ్ల గిరాకీ పడిపోతుంది, పైన వాన. అట్లాంటి ఒక మధ్యాహ్నం ఆ కియరోస్తమీ సినిమానే పెట్టాను. చాచా లడి గుచ్చుతూ నా వెనక కూర్చున్నాడు. యాకూత్‌మహల్‌లో 'పాకీజా' చూశాక సినిమా హాలు గడప తొక్కలేదని చెప్పే మనిషి. ఇంగ్లిషు ఒక్క అక్షరం రాదు. ముందు తెర వైపు చూడనేలేదు.

పిల్లవాడు తల్లికి నోటుబుక్కు సంగతి చెప్పబోతుంటాడు. ఆమె బట్టలు ఉతుకుతూ, చంటిపిల్ల ఉయ్యాల ఊపమంటుంది, హోంవర్క్ చెయ్యమంటుంది. వాడు మళ్లీ మొదలుపెడతాడు. నేను కింద అక్షరాలు చదవడంలో ఉన్నాను. నా వెనక నుంచి నవ్వు వినిపించింది. అక్షరాలు తెర మీదికి రాకముందే వచ్చింది ఆ నవ్వు. తిరిగి చూస్తే చాచా సూది పక్కన పెట్టేశాడు.

"చాచా, సమఝ్‌మే ఆరా?"

"ఆధా. ఆధా చెహ్రే పే హై, మియా."

చాచాకు వాళ్ల తాత చిన్నప్పుడు ఇంట్లో కూర్చోబెట్టి సాదీ రాసిన గులిస్తాన్ చదివించాడట. ఈ ఊళ్లో 1880ల దాకా ఆఫీసు కాగితాలన్నీ ఫార్సీలో నడిచాయి. దర్బారులో ఆ భాష పోయినా కొన్ని ఇళ్లలో ఇంకో మూడు తరాలు మిగిలింది. సాదీ ఫార్సీ వేరు, ఊరి పిల్లవాడు మాట్లాడే ఫార్సీ వేరు. అయినా పొడిపొడిగా అందింది. మిగిలినదానికి ఆయనకు భాష అక్కర్లేకపోయింది. తల్లి వినని తీరు, తాత పిల్లవాణ్ని సిగరెట్ల కోసం ఉత్తపుణ్యానికి తిప్పే తీరు, పెద్దవాళ్ల పంచాయితీ మధ్య పిల్లవాడి మాట మునిగిపోయే తీరు, ఇవన్నీ ఆయనకు దారుషిఫాలో రోజూ చూసేవే.

సినిమా చివర్లో ఒక ముసలి వడ్రంగి వస్తాడు. ఊరి తలుపులు, కిటికీలు తన చేతి పనే. ఇప్పుడు జనం ఇనుప తలుపులు పెట్టుకుంటున్నారు. చీకట్లో అహ్మద్‌కు దారి చూపిస్తూ, మెల్లగా నడుస్తూ, తను చేసిన ఒక్కో తలుపు గురించీ చెబుతుంటాడు. పిల్లవాడికి ఆత్రం, ముసలాయనకు ఆయాసం. ఇక్కడ చాచా నవ్వలేదు. "ఏక్ బార్ పీఛే లేవ్" అన్నాడు. వెనక్కి జరిపి మళ్లీ వేశాను. అప్పటికి చైనా నుంచి ముత్యాలు రంధ్రాలు వేసి, దారాలకెక్కించి మరీ వస్తున్నాయి. చాచాకు మిగిలింది ముడి విప్పి, మంచి పట్టుదారం వేసి తిరిగి గుచ్చడం. ఆయన ఆ విషయం ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పనికుర్రాడొకడు ఉండేవాడు మాకు, ఉప్పుగూడ పోరడు. టీ తెచ్చి, తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి తేల్చేశాడు.

"ఏం నడుస్తలేదు గదన్నా ఇందుల."

"పుస్తకం ఇయ్యాలె, ఇల్లు దొరుకుతలేదు. నడుస్తలేదంటవేందిరా?"

"ఇచ్చిండా మరి?"

"కూసొని చూడు."

కూర్చోలేదు వాడు. మరుసటి వారం మజీద్ మజీదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' పెడితే మాత్రం గ్లాసులు చేతిలో పట్టుకునే మొత్తం చూశాడు. చెల్లెలి బూట్లు పోగొట్టిన అన్న, ఇంట్లో చెప్పుకోలేక, తన బూట్లే ఆమెతో వంతులేసుకుంటాడు. పొద్దున బడి ఆమెది, మధ్యాహ్నం బడి వీడిది. సందు మలుపులో బూట్లు మార్చుకుని ఉరకాలి. పరుగు పందెంలో మూడో బహుమతి బూట్లని తెలిసి పేరిస్తాడు. మొదటి బహుమతి, రెండో బహుమతి వాడికి అక్కర్లేదు, మూడోదే కావాలి. మా పోరడు కళ్లనీళ్లేం పెట్టుకోలేదు. "మూడో నంబర్ రావాల్నంటె ఎనుక ఎంతమంది ఉన్నరో చూస్కుంట ఉర్కాలె, గా పోరడు ముందుకే చూస్తుండు" అని కోప్పడ్డాడు. సినిమా వ్యాసాల్లో ఆ పరుగు గురించి చాలా చదివాను, ఇంత సూటిగా ఎవరూ రాయలేదు. ఈ కథనే 2010లో ప్రియదర్శన్ 'బం బం బోలే' పేరుతో హిందీలో తీశాడు. అది నాకు ఆనలేదు. అసలులో టెహ్రాన్ సందులే సగం కథ చెబుతాయి. ఆ సందుల్లో పారే మురుగు కాలువను పత్తర్‌గట్టి వెనక ఏ గల్లీలో చూసినా పోల్చుకోవచ్చు.

ఇట్లాంటి సినిమాల కోసమే తొంభైల నుంచి రెండేళ్లకోసారి నవంబరు 14 నుంచి హైదరాబాదులో అంతర్జాతీయ బాలల చిత్రోత్సవం జరుగుతుండేది. ఊరూరి నుంచి స్కూలు బస్సులు వచ్చేవి. మా గల్లీ పిల్లల్ని తీసుకెళ్లమని పక్కనున్న ఒక బడివాళ్లను అడిగాం. పాసులు పెద్ద బడులకే సరిపోయాయన్నారు. వాళ్లను మాత్రం ఏమనగలం.

మొహర్రం పదిరోజులూ చాచా కంప్యూటర్ గది వైపు వచ్చేవాడు కాదు. నల్లబట్టలు, మజ్లిస్‌లు. పదో రోజు బీబీ కా ఆలం ఊరేగింపు ఏనుగు మీద గుల్జార్ హౌజ్ దాటి వెళ్లేటప్పుడు బజారంతా జనం. ఆ నెల గడిచాక ఆయనే అడిగేవాడు, "నయా కుఛ్ లాయే?" అని.

2012లో అస్గర్ ఫర్హాదీ 'ఎ సెపరేషన్' ఆస్కార్ గెలిచింది. అంతకు ముందు ఏడాదే బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ కొట్టింది. నేను దాన్ని రెండుచోట్ల చూశాను. మొదటిసారి ఊళ్లో బాగా చదువుకున్నవాళ్లు వచ్చే ఒక ప్రదర్శనలో. మతిమరుపు జబ్బున్న ముసలాయనను చూసుకోవడానికి రజియే అనే ఆమె పనికి చేరుతుంది. ఆయన బట్టలు పాడుచేసుకుంటాడు. పరాయి మగవాడి బట్టలు మార్చడం పాపమవుతుందేమోనని ఫోన్ చేసి మతపెద్దను అడుగుతుంది. అక్కడ హాల్లో నవ్వులు లేచాయి. రెండోసారి మా మేడ గదిలో. చాచాకు అప్పటికి చూపు తగ్గింది, తెరకు దగ్గరగా కుర్చీ జరుపుకున్నాడు. ఫోన్ దగ్గర ఆయన తల ఊపాడు, అంతే. అడగాల్సిందే కదా, అడక్కుండా ఎట్లా చేస్తుంది అన్నట్టు.

తర్వాత గొడవ ముదురుతుంది. యజమాని నాదెర్ ఆమెను గడప బయటికి తోశాడని, కడుపు పోయిందని కేసు. ఎన్నో మలుపుల తర్వాత రాజీ మాటలు. రజియే మొగుడు అప్పుల్లో ఉన్నాడు, అప్పులవాళ్లు ఆ గదిలోనే కూర్చుని ఉన్నారు. నాదెర్ చెక్కులు రాసి పెట్టాడు. ఒక్కటే అడిగాడు, కడుపు పోవడానికి కారణం నేనేనని ఖురాన్ మీద ప్రమాణం చెయ్యమని. నేను బొమ్మ ఆపలేదు, ఏమీ చెప్పలేదు. చాచా అన్నాడు:

"నై ఖాతీ."

"ఎందుకు? పైసలు అక్కడే ఉన్నాయి కదా."

"దిల్ మే షక్ హై ఉస్కే. షక్ రహే తో కైసా ఖాతీ ఖసమ్?"

ఆమె ప్రమాణం చెయ్యలేదు. ముందురోజు ఒక కారు తగిలింది ఆమెకు. కారణం అదో ఇదో తనకే తెలియదు. అబద్ధపు సొమ్ము ఇంట్లోకొస్తే తన పిల్లకు చెడు జరుగుతుందని భయం. ఆ మొగుడు వంటింట్లో తన చెంపలు తనే వాయించుకుంటుంటే చాచా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పండితులు ఈ సినిమాను ఇరాన్ మధ్యతరగతి, కింది తరగతి మధ్య ఘర్షణ అంటారు. నిజమే. కానీ దాని ఇరుసు ఆ ప్రమాణం. దాని బరువు తెలిసినవాడికే ఆ సీను పూర్తిగా అందుతుంది. నవ్వులు లేచిన హాలు కన్నా మా పై గదిలో ఆ సినిమా బాగా ఆడిందని నా తీర్పు.

ఇరాన్ సరే, అది పాతబస్తీకి చుట్టమే, జపాన్ సంగతేమిటని అడగొచ్చు. యసుజిరో ఓజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ' తీసుకోండి. కెమెరా నేల మీద చాప పరుచుకుని కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉంటుంది, పెద్దగా కదలదు. పుస్తకాల్లో ఆ ఎత్తు గురించి పేజీలకు పేజీలు ఉంది. పత్తర్‌గట్టి బట్టల దుకాణంలో తెల్లదుప్పటి పరిచిన గద్దె మీద కూర్చుంటే లోకం ఆ ఎత్తు నుంచే కనిపిస్తుంది. వచ్చేవాళ్ల మోకాళ్లు ముందు, మొహాలు తర్వాత. మా సేఠ్ ఆ సినిమా కొంచెం చూసి, కొడుకూ కూతురూ తీరిక లేక ముసలి తల్లిదండ్రుల్ని వేడినీళ్ల ఊటల ఊరికి పంపేసే చోట లేచి వెళ్లిపోయాడు. ఆయన ఇద్దరు కొడుకులూ అప్పటికి గల్ఫ్‌లో ఉన్నారు.

హిరొకజు కొరెఎదా 2008లో తీసిన 'స్టిల్ వాకింగ్' మా అమ్మతో చూశాను. మోకాళ్ల నొప్పులకు చూపించుకోవడానికి ఊరి నుంచి వచ్చి ఉంది. మాటమాటకూ నేను తెలుగులో చెబుతూ కూర్చున్నాను. నీళ్లలో పడ్డ ఒక పిల్లవాణ్ని కాపాడబోయి పెద్దకొడుకు చనిపోతాడు. ఏటా ఆ రోజున కుటుంబం కలుస్తుంది. ప్రాణం దక్కిన ఆ పిల్లవాణ్ని కూడా తల్లి ఏటా పిలుస్తుంది. ఇప్పుడు వాడు లావెక్కి, సరైన పని లేక, చెమటలు కక్కుతూ వచ్చి కూర్చుంటాడు. పాపం వాణ్ని ఇక పిలవొద్దమ్మా అంటాడు చిన్నకొడుకు. వాడు బాధపడాలనే పిలుస్తున్నానంటుంది తల్లి. అంతసేపూ కూరలు తరుగుతూ, పిండిలో ముంచి వేయిస్తూ నవ్వుతూ మాట్లాడిన తల్లి. నేను ఈ మాట తెలుగులో చెప్పి అమ్మ మొహం చూశాను, ఏమంటుందోనని.

"పిలుస్తది మరి. ఆమె కడుపు కాలింది. పిలువకుంట ఎట్లుంటది?"

అంతే అంది. నూనె చప్పుడు విని, "గవి మక్కల గారెలా?" అని అడిగింది. మక్కగింజలే. కొరెఎదా సినిమాల్లో అసలు మాటలన్నీ ఇట్లా వంట మధ్యలో పడిపోతుంటాయి. 2018లో 'షాప్‌లిఫ్టర్స్'కు కాన్ పెద్ద బహుమతి వచ్చిందని పేపర్లో చదివినప్పుడు అమ్మకు చెప్పాను, ఆ మక్కగారెల సినిమా తీసినాయనకే అని.

మెల్లగా నడిచేదల్లా గొప్ప సినిమా అని నేననను. ఇరవై ఏళ్లుగా చిత్రోత్సవాల్లో ఒక ఫ్యాషన్ పుట్టింది, మనిషి వీపు వెనకే కెమెరా పెట్టి పొలం గట్ల మీద నడిపించడం. ఆ వీపులు చూసి చూసి నాకు విసుగు పుట్టింది. తైవాన్‌లో ఉండి సినిమాలు తీసే త్సాయ్ మింగ్-లియాంగ్ 1994లో తీసిన 'వివ్ లామూర్' చివర్లో ఒకామె పార్కు బెంచీ మీద కూర్చుని దాదాపు ఆరు నిమిషాలు ఏడుస్తుంది. అది ఫ్యాషన్ కాదు. ఏడుపు ఆగుతుందనుకుంటాం, సిగరెట్ వెలిగిస్తుంది, మళ్లీ వస్తుంది. ఆరు నిమిషాలు లేకపోతే ఆ 'మళ్లీ' లేదు. ఊరికే సాగదీసినదానికీ దీనికీ తేడా కనిపెట్టడానికి నాకు ఏ సిద్ధాంతమూ పనికిరాలేదు. చాచా తెల్లబట్ట మీద రెండు ముత్యాలను పక్కపక్కన పెట్టి చూసినట్టు పెట్టి చూసుకోవడమే.

ఇదంతా పరాయి సరుకేమీ కాదు. మృణాళ్‌సేన్ 1977లో 'ఒక ఊరి కథ' తెలుగులోనే తీశాడు. 1980లో 'మా భూమి' వచ్చింది. బి. నరసింగరావు 'దాసి' 1988 నాటిది. గడీలో దొర ఇంటి దాసిగా అర్చన ఎంత తక్కువ మాట్లాడుతుందో చూడండి. అట్లాంటి ఇళ్ల నుంచి పాత ముత్యాల పేర్లు మా దుకాణానికి తిరిగి గుచ్చించడానికి వచ్చేవి, నల్లబడ్డ దారాలతో. 'దాసి' చూశాక ఆ దారాలు తెంపడం నాకు మునుపటి పనిలా లేదు. ఆసియా సినిమా అనగానే ఎక్కడో ఉన్నట్టు మాట్లాడేవాళ్లు ముందు దీన్ని చూడాలి. కొరియా సినిమాలను మనవాళ్లు రీమేక్ చేస్తూనే ఉన్నారు, 'మిస్ గ్రానీ' 2019లో 'ఓ బేబీ' అయ్యింది. అది హాయిగా నవ్విస్తుంది. అదే కొరియా నుంచి 2010లో వచ్చిన లీ చాంగ్-దోంగ్ 'పొయట్రీ'లో కూడా ఒక అవ్వే కథానాయిక. మతిమరుపు మొదలైన అవ్వ, మనవడు చేసిన ఘోరం, దానికి కట్టాల్సిన డబ్బు, మధ్యలో కవిత రాయడం నేర్చుకోవాలన్న ఆశ. దాన్ని రీమేక్ చేసే ధైర్యం ఎవరికీ రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

చాచా ఇప్పుడు లేడు. దుకాణం ఉంది, నేను పని మానేశాను. ఆ మధ్య జియా ఝాంగ్‌కే 2006లో తీసిన 'స్టిల్ లైఫ్' మళ్లీ చూశాను. వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చిన సినిమా. త్రీ గార్జెస్ ఆనకట్ట కింద మునిగిపోయే పాత ఊరికి ఒక బొగ్గుగని కూలీ వస్తాడు, పదహారేళ్ల కింద వదిలిపోయిన భార్యను వెతుక్కుంటూ. అతని చేతిలో చిరునామా ఉంది, ఆ వీధి మాత్రం నీళ్ల కింద ఉంది. గోడల మీద నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో గుర్తులు. కూలీలు సుత్తులతో ఒక్కో ఇల్లూ కూలగొడుతుంటారు, అతనూ అదే పనిలో చేరతాడు. 2025లో పాతబస్తీ మెట్రో కోసం దారుషిఫా నుంచి శాలిబండ వైపు రోడ్డు వెడల్పు చేస్తూ ఇళ్లూ దుకాణాలూ కొట్టేస్తున్నప్పుడు ఆ దారిన నడిచాను. సగం తెగిన మేడ మీద నీలం రంగు గోడ, గోడకు మేకు, మేకుకు క్యాలెండరు. మెట్రో వద్దని నేననను. అఫ్జల్‌గంజ్ దాకా నడిచి బస్సెక్కినవాణ్ని, దాని విలువ నాకు తెలుసు. పత్తర్‌గట్టి కూడా ఒకప్పుడు పాత ఇళ్లు కొట్టేసిన చోట లేచిందే. అయితే కూలేది, లేచేది రెండూ ఒకే ఫ్రేములో ఎట్లా చూపించాలో జియాకు తెలుసు. మన మెట్రో సినిమా ఇంకా ఎవరూ తీయలేదు.

ఇప్పుడు పిల్లల చేతిలో ఫోన్లున్నాయి. 2020లో కొరియా సినిమా 'పారసైట్' మల్టీప్లెక్సులకే వచ్చింది. కమాన్ల కింద గాజులమ్మే అమ్మాయి కొరియా సీరియల్ చూస్తూ కనిపిస్తోంది. దొరకడం కష్టం కాదు, అర్థం కావడమే కష్టం, ఎందుకంటే కియరోస్తమీకి, కొరెఎదాకు తెలుగు అక్షరాలు వేసినవాళ్లు నాకు కనిపించలేదు, ఉర్దూ అక్షరాలు వేసినవాళ్లూ కనిపించలేదు. ఇంగ్లిషు రాని చాచా ఫార్సీ పుణ్యాన సగం పట్టుకున్నాడు. మా అమ్మకు పక్కన నేనున్నాను. అందరికీ పక్కన ఒకరుండరు కదా.

అందుకని ఒక విన్నపం. తార్నాకలోని ఇఫ్లూ భాషల విశ్వవిద్యాలయంలో ఫార్సీ, జపనీస్, కొరియన్, చైనీస్ చదువుకుంటున్న తెలుగు పిల్లలున్నారు. ఎనభై, తొంభై నిమిషాల సినిమాకు సబ్‌టైటిళ్లు రాయడం నలుగురు కలిస్తే కొన్ని వారాల పని. ఫిల్మ్ క్లబ్బులకు హక్కుదారుల నుంచి అనుమతి తెచ్చుకోవడం అలవాటైన పనే. హాలుకూ కరువు లేదు, ఆషాఢంలో పాతబస్తీ ఫంక్షన్ హాళ్లకు తెలుగు పెళ్లిళ్ల బేరం ఉండదు. తెలుగు, ఉర్దూ అక్షరాలతో ఒక్క సినిమా మదీనా చుట్టుపక్కల వేసి చూడండి. మొదట ఆ నోటుబుక్కు పిల్లవాడి సినిమాతోనే మొదలుపెట్టండి. కుర్చీలు సర్దడానికి, టీ ఖర్చుకు నేనుంటాను.